పున్నమ్మ చేతి కేకు

డిసెంబరు నెల వచ్చిందంటే పున్నమ్మ ఇంట్లో ముందుగా బయటికొచ్చేది నక్షత్రం కాదు, ఇసక. ఏడాదంతా వంటింటి మూల రేకు డబ్బాలో నిద్రపోయే ఆ ఏటి ఇసకని చాప మీద పోసి, జల్లించి, ఎండబెట్టి, దానికి చెయ్యాల్సిన మర్యాదలన్నీ చేస్తారు. పర్చూరు నుంచి చీరాల వెళ్ళే దారిలో ఉన్న ఆ ఊళ్ళో కేకంటే పున్నమ్మ కేకే. మందపాటి పెద్ద తపేలాలో ఇసక కాచి, అందులో పిండి గిన్నె దించి, మూత మీద నిప్పులు పోసి కాల్చే కేకు. క్రిస్మస్ ఆరాధన అయ్యాక చర్చి గుమ్మం దగ్గర ఆ ముక్క చేతిలో పడకపోతే పండగ జరిగినట్టు ఎవరికీ ఉండదు.

ఆ రోజు పొద్దున్న మాత్రం చాప ముందు కూర్చున్నది పున్నమ్మ కాదు, మనవరాలు మహిమ. పున్నమ్మ పక్కనే కుర్చీ వేయించుకుని పెత్తనం చేస్తోంది.

"గులకరాయి ఒక్కటి మిగిలినా అక్కడ మాడుద్ది. చూసి ఏరు."

"ఏరాను నాయనమ్మా. కావాలంటే నువ్వు చూడు."

"నేను చూస్తే నువ్వు చేసినట్టు ఎట్టా అవుద్దే?"

అంటూనే వంగి మనవరాలి బుగ్గ నిమిరింది. అరచేత్తో కాదు, చెయ్యి వెనక్కి తిప్పి మణికట్టుతో. పున్నమ్మ ఎవరిని ముద్దు చేసినా అంతే. కొత్తగా కాపరానికి వచ్చినప్పుడు కోడలు ఫెబా అది చూసి, అత్తగారి చేతికి ఏమైనా దెబ్బ తగిలిందేమో అనుకుంది. తర్వాత తెలిసింది. పున్నమ్మ కొన్నేళ్ళ కిందటిదాకా మిరపకాయల ముచ్చికలు తీసిన మనిషి. పొద్దుటినుంచి పొద్దుగూకేదాకా ఎండుకాయల తొడిమలు గిల్లిన చెయ్యి పసిపిల్లల ముఖానికి తగిలితే మంట పెట్టేస్తుంది. అందుకే ఆ పనికి వెళ్ళే తల్లులు బిడ్డల్ని మణికట్టుతో నిమురుతారు. పని మానేసి ఏళ్ళు గడిచినా పున్నమ్మకి ఆ అలవాటు పోలేదు.

ఇసక ఎవరు జల్లిస్తే ఏమిటంట అని మీరు అడగొచ్చు. ఈ ఏడు ఆ ఇసక మీద మహిమ బతుకే ఆధారపడి ఉంది. డిగ్రీ అయ్యాక చీరాలలో ఒక బేకరీలో చేరి ఏడాది పాటు పని నేర్చుకుందా, ఇప్పుడు అక్కడే సొంతంగా కొట్టు పెడతానంటోంది. బోర్డు మీద ఏం రాయించాలో కూడా ఎప్పుడో అనుకుంది, 'పున్నమ్మ కేకు' అని. తండ్రి కరుణాకర్ హైస్కూల్లో హెడ్మాస్టరు. కూతుర్ని కూడా టీచర్ని చెయ్యాలని ఆయన పట్టు. ఒంగోలు కాలేజీలో బీఈడీ సీటు మాట్లాడి, హాస్టలు కూడా చూసి వచ్చాడు. నెల రోజులుగా ఆ ఇంట్లో టిఫిన్ల దగ్గర ఇదే గొడవ, అన్నాల దగ్గర ఇదే గొడవ.

ఆ పొద్దున ఇసక తియ్యకముందు కూడా ఇడ్లీ పళ్ళెం దగ్గర మొదలైంది. పొయ్యి ముందు కూర్చోడానికా నిన్నింత చదివించింది అని ఆయన. పొయ్యి ముందు కూర్చున్నవాళ్ళు పెడితేనే కదా మీరు తింటున్నారు అని మహిమ. ఫెబా చట్నీ గిన్నె పట్టుకుని ఎవరి వైపు తిరగాలో తెలియక మధ్యలో నిలబడింది. చివరికి కరుణాకర్ పళ్ళెం పక్కకి నెట్టాడు.

"మా అమ్మ కారం షెడ్డులో దగ్గుకుంటా నన్ను పంతుల్ని చేసింది. నిప్పుల్లో, కారంలో చేతులు కాల్చుకునే పని ఆమెతో ఆగిపోవాలి. నా కూతురు మళ్ళీ అక్కడికి పోగూడదు. అంతే."

ఆ మాటలో కోపం కంటే భయం ఎక్కువుంది. అది మహిమకీ తెలుసు. తెలిసినంత మాత్రాన తగ్గే పిల్ల కాదు.

"అయితే పందెం నాన్నా. ఈసారి క్రిస్మస్ కేకు నేను చేస్తా. నాయనమ్మ పాత కేకు రుచి వచ్చిందా, కొట్టు పెట్టుకుంటా. రాలేదా, నోరెత్తకుండా జనవరి రెండో తారీఖు ఒంగోలు బస్సెక్కుతా. తీర్పు నాయనమ్మది."

కరుణాకర్ తల్లి వైపు చూశాడు. పున్నమ్మ అబద్ధం ఆడదని ఊరంతటికీ తెలుసు. మనవరాలి కోసమైనా ఆడదు. ఆయన ఒక క్షణం ఆలోచించి సరేనన్నాడు. లెక్కల మాస్టారు, ఓడిపోయే పందెం కాయడు. ఎందుకంటే ఆ పాత రుచి పున్నమ్మ చేతికే రాకుండా పోయిందని ఆయనకి బాగా తెలుసు.

అదే అసలు సంగతి. పున్నమ్మ కేకు తినేటప్పుడు అందరి కేకులాగే ఉండేది. వెన్న, కాల్చిన పంచదార, వేటపాలెం జీడిపప్పు, కాస్త శొంఠి. తిని నోరు తుడుచుకున్నాక మొదలయ్యేది మాయ. గొంతు కింద ఎక్కడో సన్నగా వెచ్చబడేది. చలిలో నిలబడ్డ జనం ఆ వెచ్చదనం కోసం రెండో ముక్కకి చెయ్యి చాపేవాళ్ళు. కొన్నేళ్ళుగా ఆ వెచ్చదనం రావడం లేదు. కొలతలు మారలేదు, ఇసక మారలేదు. చర్చిలో ఎవరూ పైకి ఒక్క మాటా అనలేదు. కానీ 'ఇంకో ముక్క పెట్టు పున్నమ్మా' అనే నోళ్ళు 'బాగుందమ్మా' అని ఊరుకోవడం మొదలుపెడితే చేసినవాళ్ళకి తెలియదా? నా చెయ్యి సచ్చిపోయిందే అని ఒకనాడు మహిమతో చెప్పి, ఆవిడ కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. ఆ రోజే మహిమ అనుకుంది, ఆ రుచి ఎక్కడికి పోయినా పట్టుకొస్తానని.

పండగకి మిగిలిన ఆ రెండు వారాలూ ఇల్లంతా కేకు వాసనే. మహిమ శొంఠి పెంచింది. లాభం లేదు. మిరియాలు దంచి వేసింది. లవంగాలు వేస్తే కేకు కాస్తా పళ్ళపొడి అయి కూర్చుంది. తండ్రి బడిలో సెమీ క్రిస్మస్ చేసుకున్న రోజు ఒక కేకు పంపితే, టీచర్లంతా లొట్టలేసుకుంటూ తిన్నారు. పున్నమ్మ మాత్రం ముక్క నోట్లో వేసుకుని చాలాసేపు కాచుకుని కూర్చుంది.

"బానే ఉంది," అంది చివరికి. "అది కాదు."

మహిమ మూతి ముడుచుకోలేదు. గిన్నె కడిగి బోర్లించి, ఇంకేం మిగిలిందో చెప్పమంది. పున్నమ్మ తనకి గుర్తున్నదంతా చెప్పేశానంది. ఇక మిగిలింది కరీమున్ ఒక్కతే. కరీమున్‌, పున్నమ్మ ఒకే ముఠాలో పక్కపక్క పీటల మీద కూర్చుని ముచ్చికలు తీసినవాళ్ళు. ప్రతి క్రిస్మస్‌కి మొదటి ముక్క కరీమున్ ఇంటికి పోయేది, రంజానుకి ఆ ఇంటి సేమ్యా ఈ ఇంటికి వచ్చేది. ఆ నాలిక్కి గుర్తుండి తీరాలి అని పున్నమ్మ నమ్మకం.

అలా ఇరవై నాలుగో తారీఖు పొద్దున్నే మహిమ సైకిలెక్కి కోల్డ్ స్టోరేజీ షెడ్డుకి వెళ్ళింది. కరీమున్ ఇప్పుడు ఆ ముఠాకి పెద్ద. ఎర్రటి కాయల రాశి చుట్టూ ఆడవాళ్ళు కూర్చుని ఉంటే, మధ్యలో ఆవిడ మహారాణిలా ఉంది. మహిమని చూసి పీట జరిపింది. అక్కడ ఊరికే కూర్చుంటే ఎవరికీ తోచదు, చేతులు వాటంతటవే రాశి మీదికి పోతాయి. మహిమ చేతులూ పోయాయి. కరీమున్ చెప్పిన కబుర్లన్నీ వింటూ, నవ్వుతూ, తుమ్ముతూ, మధ్యాహ్నం దాకా కాయలు గిల్లింది. కేకు సంగతి మాత్రం తేలలేదు.

"ఏమేసేదో నాకేం తెలుసు తల్లీ? పని దిగి ఇంటికెళ్ళి చేసేది. పొద్దున్నే నాకు తెచ్చిచ్చేది. తింటే గొంతులో కుంపటి పెట్టినట్టుండేది. మేం చేసే సేమ్యాకి అట్టా రాదు." లేచేటప్పుడు మహిమ వేళ్ళు పట్టుకుని చూసింది. "సబ్బుకి పోదు ఇది. ఇంటికెళ్ళి నూనె రాసి తుడుచుకో."

మహిమ సరేనంది. ఆ నూనె రాసుకునే అవకాశం ఆమెకి దొరకలేదు.

ఇంటి గుమ్మంలోనే కరుణాకర్ కూర్చుని ఉన్నాడు. సెలవలు కదా. కూతురి చున్నీ మీద ఎర్రటి దుమ్ము చూశాడు. ఆ దుమ్ము ఆయనకి కొత్త కాదు, పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి చూసిందే.

"ఎక్కడికెళ్ళావ్?"

దాచే అలవాటు లేని పిల్ల, చెప్పేసింది. ఆయన లేచి నిలబడ్డాడు. హెడ్మాస్టరు అయిన ఏడు తల్లి చేత ఆ పని మాన్పించడానికి తను ఎంత పోరాడిందీ, తోటి టీచర్లు మీ అమ్మగారు ఏం చేస్తారండీ అంటే నీళ్ళు నమిలిన సంగతీ, అన్నీ వరసగా బయటికొచ్చాయి. ఏ షెడ్డు గడప తన పిల్ల తొక్కకూడదని ఇన్నేళ్ళు ఒళ్ళు దాచుకోకుండా పనిచేశాడో, ఆ గడపకి అది నవ్వుకుంటూ సైకిలెక్కి పోయొచ్చిందా అన్నాడు. ఫెబా "ఏవండీ, పండగ పూట" అంటున్నా ఆగలేదు.

"చాలు. కేకు కుదిరినా సరే, కుదరకపోయినా సరే. రెండో తారీఖు ఒంగోలు."

"మాటిచ్చారు నాన్నా," అంది మహిమ. కళ్ళు దించలేదు.

అప్పుడు లోపల్నుంచి పున్నమ్మ వచ్చింది. ఆవిడ పెద్దగా అరవలేదు. అరవాల్సిన అవసరం ఆ ఇంట్లో ఆవిడకి ఎప్పుడూ రాలేదు.

"ఒరేయ్ కరుణా, ఆ షెడ్డులో కూర్చుంది నేను. దగ్గింది నేను. నాకెప్పుడూ సిగ్గెయ్యలా. కందకి లేని దురద కత్తిపీటకెందుకురా? మాటంటే మాటే. పిల్ల కేకు చేసుద్ది. నేను చెబుతా, అయిందో కాలేదో."

కరుణాకర్ మళ్ళీ కుర్చీలో కూలబడ్డాడు. మహిమ విసవిసా వంటింట్లోకి పోయి, చేతులు సబ్బుతో రెండుసార్లు కడిగి, వెన్న గిన్నె ముందు పెట్టుకుంది. పక్కనే కరెంటు బీటరు ఉంది, ఇన్నాళ్ళూ దాంతోనే చేసింది. కోపం నషాళానికి అంటినప్పుడు స్విచ్చి నొక్కితే ఏం తృప్తి? బీటరు అవతలికి తోసి, నాయనమ్మ చేసినట్టు చేతినే వెన్నలోకి దించి పంచదారతో కలిపి గిలక్కొట్టడం మొదలుపెట్టింది. తండ్రి మీద కోపం, పోయిన రుచి మీద కోపం, అన్నీ అందులోకే పోయాయి. కొట్టేకొద్దీ వెన్న తెల్లబడింది. చేతులు చల్లబడి హాయిగా అనిపించింది. కోపం తగ్గడం వల్ల కాబోలు అనుకుంది.

గుడ్లు, మైదా, కాల్చిన పాకం, ఖర్జూరం, జీడిపప్పు, శొంఠి. మిరియాలు వద్దనుకుంది, లవంగం వద్దనుకుంది. ఏ మాయలూ చెయ్యకుండా నాయనమ్మ చెప్పింది చెప్పినట్టు. పెరట్లో పొయ్యి మీద ఇసక కాగింది. పెద్ద గిన్నె చర్చికి. దాని పక్కనే చిన్న స్టీలు గిన్నె ఇంట్లోవాళ్ళకి. దాన్ని వాళ్ళు రుచి గిన్నె అంటారు. పండగ ముందు రోజే అది తిని చూసి, బాగుంటేనే పెద్ద కేకు గడప దాటుతుంది. ఆ ఆచారం పున్నమ్మ అమ్మగారి నాటిది.

మూత తీసేసరికి పొద్దు వాలుతోంది. వాసనకి ఫెబా చేస్తున్న పని వదిలేసి పెరట్లోకి వచ్చింది. కరుణాకర్ పిలవకుండానే వచ్చి గోడకి ఆనుకుని నిలబడ్డాడు. మహిమ రుచి గిన్నె బోర్లించి, కేకు నాలుగు ముక్కలు చేసి, మొదటిది నాయనమ్మకి ఇచ్చింది.

పున్నమ్మ కొరికింది, నమిలింది, మింగింది. ఆ రుచి వెంటనే వచ్చేది కాదు, అది అందరికీ తెలుసు. మహిమ తన ముక్క చేతిలో పట్టుకుని నాయనమ్మ ముఖమే చూస్తోంది. ఈ కాస్త సేపు గడిస్తే తను చీరాలకో ఒంగోలుకో తేలిపోతుంది. పున్నమ్మ కళ్ళు మూసుకుంది. కాసేపటికి ఆవిడ చెయ్యి మెల్లగా గొంతు దగ్గరికి పోయింది, అక్కడే ఆగింది.

"వచ్చింది," అంది.

ఫెబా గబగబా తన ముక్క నోట్లో వేసుకుంది. కరుణాకర్ నెమ్మదిగా సగం తిన్నాడు. తిని, తల వంచుకుని నిలబడిపోయాడు. గొంతు కింద వెచ్చబడుతోంది. చిన్నప్పుడు గుడ్డి దీపం పక్కన చాప మీద కూర్చుని, అమ్మా ఇంకో ముక్క, ఇంకో ముక్క అని అడిగి తిన్నదే. ఏ మార్పూ లేదు.

"ఏం కలిపావే?" అని అడిగింది పున్నమ్మ.

"ఏం కలపలేదు నాయనమ్మా. నువ్వు చెప్పిందే. మిషను మాని చేత్తో గిలక్కొట్టా, అంతే."

"చేత్తోనా?" పున్నమ్మ మనవరాలి చెయ్యి పట్టుకుని దగ్గరికి లాక్కుంది. వాసన చూసింది. చటుక్కున బొటనవేలిని నాలిక చివర ఆనించి చూసింది. ఆవిడ ముఖంలో ముందు ఆశ్చర్యం, తర్వాత నవ్వు, ఆ నవ్వు ఆగక భుజాలు కదిలిపోయాయి. "ఓసి నా తల్లీ. నూనె రాసుకోలా?"

"నాన్న అరిచేసరికి మర్చిపోయా. సబ్బుతో కడిగాగా?"

"సబ్బుకి పోని కారం వెన్నకి వదులుద్ది. నాకు మాత్రం నూనె రాసుకునే రాత ఎక్కడేడ్చింది? చేతులు మండుతుండగానే వచ్చి పిండి కలిపేదాన్ని." నవ్వుతూ మొదలెట్టిన మనిషి ఉన్నట్టుండి ఆగింది. తన అరచేతుల వైపు చూసుకుంది. "ఏడాదంతా మండిన చేతులు ఆ ఒక్కరోజు వెన్నలో పెడితే చల్లబడేయి. పండక్కి దేవుడు నాకిచ్చే బహుమానం అది అనుకునేదాన్ని. ఆ మంటంతా ఎటు పోయేదో ఇప్పుడు తెలిసింది."

పెరట్లో నిప్పులు చిటపటమన్నాయి. కరుణాకర్ చేతిలో ఇంకా సగం ముక్క ఉంది. దాన్ని చూస్తున్నాడు. ఊరంతా మెచ్చుకున్న రుచి, తను ప్రాణం పెట్టి తిన్న రుచి. అమ్మ చేత ఆ పని మాన్పించిన ఏడే అది పోయింది. ఇన్నాళ్ళూ ఎవరికి చెప్పుకోవాలన్నా సిగ్గుపడ్డ ఆ కారమే తను చాప మీద కూర్చుని మారడిగి తిన్నది.

"అమ్మా," అన్నాడు. బడిలో మూడొందల మంది పిల్లల్ని చూపుతో నిలబెట్టే మనిషి, తల్లి కుర్చీ దగ్గరికి వచ్చి నేల మీద కూర్చున్నాడు. "నువ్వు మండుతుంటే, నేను ఇంకో ముక్క పెట్టమని అడిగేవాణ్ణి."

"అడిగితేనే కదరా నాకు సంతోషం," అంది పున్నమ్మ. అలవాటుగా చెయ్యి వెనక్కి తిప్పి, మణికట్టుతో కొడుకు చెంప నిమరబోయింది. ఆయన ఆ చేతిని పట్టుకుని ఇటు తిప్పాడు. అరచేతిని తన బుగ్గకి ఆనించుకున్నాడు. ఊహ తెలిశాక అమ్మ అరచెయ్యి ఆయన ముఖానికి తగలడం అదే మొదటిసారి. గరుకుగా ఉంది, చల్లగా ఉంది.

"ఇప్పుడు మండదులేరా," అంది పున్నమ్మ, ఆ చెయ్యి తీయకుండా.

హెడ్మాస్టరుగారు భోరున ఏడ్చేశాడు. ఫెబా కూడా కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తండ్రి ఏడవగా మహిమ ఎన్నడూ చూడలేదు. పక్కన కూలబడి, "వద్దు నాన్నా, ఏడవద్దు" అంటూ రెండు చేతులతో ఆయన కళ్ళు తుడిచింది.

అంతే. కరుణాకర్ ఒక్క గెంతు గెంతాడు.

"కళ్ళే. నా కళ్ళే. నీళ్ళు తే ఫెబా."

ఫెబా చెంబు కోసం పరిగెత్తింది. మహిమ నాలిక్కరుచుకుని చేతులు వెనక్కి దాచుకుంది. పున్నమ్మ కుర్చీలో అటూ ఇటూ ఊగుతూ నవ్వింది, కళ్ళమ్మట నీళ్ళొచ్చేదాకా. సబ్బుకి పోదని చెప్పానా, నీళ్ళకి కూడా పోదు, వెన్న రాయండే వాడి కళ్ళకి అని కేకలేసింది. నిజంగానే ఫెబా మిగిలిన వెన్న తెచ్చి ఆయన రెప్పల మీద రాసింది. ముఖమంతా వెన్నతో, ఎర్రటి కళ్ళతో ఆయన గుడ్లు మిటకరిస్తుంటే ఇక ఎవరూ నవ్వు ఆపుకోలేకపోయారు, ఆయనతో సహా.

కాస్త తెరిపిన పడ్డాక, పెద్ద కేకు మాట వచ్చింది. కారం చేత్తో కలిపింది చర్చికి పంపాలా అని ఫెబా సందేహం. ఇన్నేళ్ళూ అదే తిని రెండో ముక్క అడిగారుగా, మొదటి ముక్క ఎప్పట్లాగే కరీమున్‌కి, మిగిలింది సంఘానికి అని తేల్చింది పున్నమ్మ. మరి కొట్లో రోజూ ఆ రుచి ఎట్టా తెస్తావు, పొద్దున్నే షెడ్డుకి పోయి కూర్చుంటావా అని మనవరాల్ని అడిగింది.

"వెన్న కాచేటప్పుడు ఒక్క ఎండుమిరపకాయ వేసి తీసేస్తే చాలు నాయనమ్మా. చూస్తూ ఉండు," అంది మహిమ. ఆ పాటికి ఆమె లెక్కలు ఆమె వేసేసుకుంది.

కరుణాకర్ ఇంకా కళ్ళు పూర్తిగా తెరవలేకపోతున్నాడు. తడుముకుంటూ మహిమ తినకుండా పక్కన పెట్టిన ఆఖరి ముక్క అందుకుని కొరికాడు. వెచ్చబడేదాకా ఆగాడు.

"రెండో తారీఖు నేను సెలవు పెడతా," అన్నాడు. "చీరాల పోయి కొట్టు చూసొద్దాం. అమ్మ కూడా రావాలి. బోర్డు మీద పేరొక్కటీ మార్చు మహీ. 'పున్నమ్మ చేతి కేకు' అని రాయించు."

పున్నమ్మ తన రెండు అరచేతులూ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. తర్వాత ఒక చెయ్యి ఎత్తి, వెనక్కి తిప్పకుండా, మనవరాలి బుగ్గ మీద వేసింది.